భంగాస్వనుని వరము

మా అయిజలో తిక్క వీరేశ్వరస్వామి జాతర జరుగు దినములలో అంగళ్ల వరుస వెంబడి చప్పట్లు కొట్టుచు హిజ్రాలు వత్తురు. వ్యాపారి చిల్లర నాణెము విసరును. తల్లి తన చంకలోని బిడ్డను దీవింపుమని యడుగును. వారు నాలుగడుగులు దాటగనే ఇరువురును నవ్వుదురు. నేనును నవ్వినవాడనే. ఒకనాడు తరగతిలో విరాటపర్వ కథ చెప్పుచు బృహన్నల ప్రసక్తి తేగా బాలురందరును గొల్లున నవ్విరి. వెనుక వరుసలో నొక బాలుడు మాత్రము తల వంచుకొనెను. ఆ వంచిన తల నాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

అనుశాసనిక పర్వమున భీష్ముడు ధర్మరాజునకు భంగాస్వనుడను రాజర్షి కథ చెప్పెను. ఆ రాజు యాగము చేసి నూర్గురు కొడుకులను బడసెను. ఆ యాగము తనకు ప్రియము కానిదగుటచే ఇంద్రుడు కినిసి, అతనిని వేటలో దారి తప్పించెను. రాజొక సరస్సున స్నానమాడి స్త్రీ యయ్యెను. రాజ్యము కొడుకుల కొప్పగించి, అడవిలో నొక తాపసునివలన మరి నూర్గురను గనెను. ఇంద్రుడు ఆ రెండు వందలమందికిని పోరు పెట్టి చంపించెను. పిదప కరుణించి, ఎవరిని బ్రదికింపవలెనని యడుగగా, ఆమె తాను తల్లియై కన్నవారినే కోరెను. తండ్రి ప్రేమకంటె తల్లి ప్రేమ యధికమని కారణము చెప్పెను. ఇంద్రుడు మెచ్చి అందరిని బ్రదికించి, మరల పురుషుడవయ్యెదవా యనగా, స్త్రీగనే యుండెదననెను. భీష్ముడు ఈ కథను పరిహాసమునకు జెప్పలేదు. కన్న దేహము నడిగి కాదు, కలిగిన ప్రేమ నడిగి మాతృత్వమును నిర్ణయించిన కథ యిది.

ఇట్టి కథను విన్న దేశముననే శాసనము వేరు మాట పలికినది. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టములో రెండవ భాగము హిజ్రాలను గూర్చినది. పట్టికలో పేరెక్కినవారు మైనరులకు సంరక్షకులు కారాదు, దానము చేయరాదు, వీలునామా వ్రాయరాదు, కొడుకును దత్తత చేసికొనరాదు. నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, ఇట్టి శాసనమే వెలసినది. హైదరాబాదు నగరములోను, ప్రభుత్వము ప్రకటించు ఇతర స్థలములలోను ఉండు అనుమానితుల పేర్లు పట్టికలో వ్రాయవలెను. అట్లు వ్రాయబడినవారు ఆడుదుస్తులతో వీథిని గానబడినను, ఆడినను పాడినను, వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. రెండేండ్ల వరకు ఖైదు. పదునారేండ్లలోపు బాలుడు వారి యింట నున్నను శిక్ష అదియే.

బాలుర నెత్తుకొనిపోవుట ఘోరమైన నేరమని నేనును ఒప్పుకొందును. కాని నేరము చేసినవానిని శిక్షించుటకు సామాన్య శిక్షాస్మృతి చాలదా? ఇంటినుండి తరుమబడిన పిల్లవాని కొక ముద్ద పెట్టినవారిని సైతము ఈ శాసనము నేరస్థులనుగా జేసినది. తరిమినవారిని మాత్రము ఏమియు ననలేదు!

ఆ తరుమబడిన బ్రతుకు ఎట్టిదో తెలియగోరువారు రేవతి ఆత్మకథ చదువవలెను. ఆమె తమిళనాట నామక్కల్ జిల్లాలో దొరైసామి యను పేరుతో పుట్టినది. చిన్ననాటనే తాను ఆడుదాననని యెరిగినది. అన్నల దెబ్బలు తాళలేక యిల్లు విడిచి హిజ్రాల గుంపులో జేరినది. అచ్చట గురువు తల్లివంటిది, శిష్యురాలు కూతురువంటిది. ఆ నీడలో ఆదరణయు గలదు, కట్టుబాటును గలదు. దేహమమ్ముకొని బ్రతికిన దినములు, పోలీసుల హింస, బెంగుళూరులో నొక సంస్థలో దొరికిన గౌరవప్రదమైన పని, అచ్చటి సహోద్యోగిపై వలపు, వివాహము, ఎడబాటు, ఇవన్నియు దాపరికము లేక చెప్పినది. కొట్టిన యింటికే ఆమె మరల మరల తిరిగి వచ్చుచుండుట చదువరి గుండెను కలచును. ఈ గ్రంథము 2010లో ఆంగ్లమున వెలువడినది. శ్రీమతి పి. సత్యవతిగారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’ యను పేర దీనిని తెనిగించి, 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారము నందిరి.

నిజాము రాజ్యము పోయినను ఆ శాసనము మిగిలియే యుండెను. 2014లో సుప్రీముకోర్టు ఎవరి లింగమును వారే నిర్ణయించుకొనవచ్చునని తీర్పు చెప్పినది. 2018లో వైజయంతి వసంత మొగిలి ప్రభృతులు హైదరాబాదు హైకోర్టు నాశ్రయింపగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఈ శాసనమును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. ఆ యేడే అక్టోబరులో సుప్రీముకోర్టు మాత్రము స్వలింగ దంపతులు కూడి దత్తత చేసికొను హక్కును అంగీకరింపలేదు. న్యాయము ఒక వాకిలి తెరచి మరియొక వాకిలి మూసియుంచినది.

కోర్టుల వాకిళ్ల మాట యటుండ, మన వాకిళ్ల సంగతి యేమి? ‘ఇది పరదేశపు వ్యామోహము’ అను పెద్దలు భంగాస్వనుని కథ విప్పి చూతురు గాక. ‘మా పిల్లవాడట్లయిన పరువేమగును?’ అను తల్లిదండ్రులను నేనొకటే యడుగుదును: పరువు నిలుచుటకు బిడ్డ పోవలెనా? రేవతిని మొదట గాయపరచినది శాసనము కాదు, ఇల్లు. ఆ గాయమును మాన్పగలిగినదియు ఇల్లే.

ఈ యేడు బృహన్నల పాఠము మరల వచ్చినది. నవ్వు మొదలు కాకముందే బాలురకు భంగాస్వనుని కథ చెప్పితిని. ఎవరును నవ్వలేదు. ఆ బాలుడు ఇప్పుడు మా బడిలో లేడు. ఈ కథను నిరుడే చెప్పియుండవలసినది.