అయస్కాంతం బొంగరమైన కథ

పేరు చూసి పిల్లల కథ అనుకోకండి. "నిలువు నానో స్పిన్ వాల్వుల్లో స్పిన్ బదిలీ డోలనాలు" అని పెడితే మా రూమ్మేట్ కూడా చదవడని ఇలా మార్చా.

మాది ఎర్రమంచి పక్కనే. 2019 ఆగస్టులో కియా మొదటి సెల్టోస్ బయటికొచ్చేదాకా పెనుకొండ దాటితే ఈ ఊరు ఎవరికీ తెలీదు. ఇప్పటి కార్లలో చక్రం వేగాన్నీ, స్టీరింగ్ కోణాన్నీ పసిగట్టే సెన్సర్లు చాలావరకు అయస్కాంతాన్ని నమ్ముకున్నవే. మనం కోడ్ రాస్తాం, మావాళ్ళు బోల్టులు బిగిస్తారు. లోపలి భౌతికశాస్త్రం మాత్రం ఎవరికీ పట్టదు. బీటెక్‌లో అయస్కాంతత్వం రెండు మార్కుల ప్రశ్న కదా!

అసలు విషయానికొస్తే, 1988లో ఫ్రాన్సులో ఆల్బెర్ ఫెర్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా ఒకటే కనిపెట్టారు. పల్చటి అయస్కాంత పొరల మధ్య మామూలు లోహం పెడితే, పొరలు ఒకే దిక్కు చూస్తున్నప్పుడు కరెంటుకి అడ్డు తక్కువ, ఎదురెదురుగా ఉంటే ఎక్కువ. పదేళ్ళలోపే ఇది హార్డ్ డిస్కుల్లోకి వచ్చేసింది. 2007లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

నాకు నచ్చింది దీని తర్వాతి ప్రశ్న. అయస్కాంతం కరెంటుని అదుపు చేస్తే, కరెంటు అయస్కాంతాన్ని కదపలేదా? 1996లో ఐబీఎమ్‌లో జాన్ స్లోన్‌చెవ్‌స్కీ, కార్నెగీ మెలన్‌లో లుక్ బెర్జర్ ఎవరికి వారే "కదుపుతుంది" అని లెక్కేసి చూపించారు. ఎలక్ట్రాన్లు మొదటి పొర దాటేటప్పుడు వాటి స్పిన్లు ఒక వరసలోకొస్తాయి. రెండో పొరలోకి పోయాక తమ స్పిన్‌లో కొంత దానికి అప్పజెప్పి నెట్టుతాయి.

బొంగరం గుర్తుందా? ఒరిగి గుండ్రంగా ఊగుతుంది, రాపిడికి కాసేపట్లో పడిపోతుంది. పొరలోని అయస్కాంతత్వమూ అంతే, ఊగి ఊగి సర్దుకుంటుంది. కరెంటు తోపు ఆ రాపిడికి సరిసమానమైతే? ఊగుతూనే ఉంటుంది, సెకనుకి కొన్ని వందల కోట్ల సార్లు. బ్యాటరీ కరెంటు ఇస్తే మైక్రోవేవ్ బయటికొస్తుందన్నమాట. తోపు ఇంకా పెంచితే పొర తిరగబడుతుంది; అది మెమరీకి పనికొస్తుంది.

చెప్పడం తేలికే. కావాల్సిన కరెంటు చదరపు సెంటీమీటరుకి కోటి ఆంపియర్లకి పైమాటే! అందుకే వంద నానోమీటర్ల స్తంభాలు చెక్కగలిగాకే ఇది కుదిరింది. 2003లో కార్నెల్ వాళ్ళు ఆ ఊపుని నేరుగా కొలిచి నేచర్‌లో వేశారు.

నిలువు పొరల దగ్గర ఒక తమాషా ఉంది. చిన్న సైజులోనూ దిక్కు మారకుండా నిలబడతాయి కాబట్టి మెమరీకి ఇవే మేలు. కానీ రెండు పొరలూ నిలువుగా ఉంటే, ఒకటి ఊగుతున్నా రెండింటి మధ్య కోణం మారదు. కోణం మారకపోతే అడ్డూ మారదు. లోపల బొంగరం గిర్రున తిరుగుతుంటే బయట మీటరు గమ్మునుంటుంది! అందుకని ఒక పొరని నిలువుగా, ఇంకోదాన్ని అడ్డంగా పెట్టడం, లేదా ఒకదాన్ని కాస్త ఒరగబెట్టడం లాంటి తిప్పలు పడాలి.

మనవాళ్ళెవరూ లేరా అంటారా? తెలుగుపేరు చెప్పలేను గానీ, మా సరిహద్దు అవతల మైసూరులో చదివి, ఐఐటీ మద్రాసులో పీహెచ్‌డీ చేసిన జగదీశ్ మూడెర 1995లో ఎమ్ఐటీలో గది ఉష్ణోగ్రత దగ్గరే టన్నెల్ జంక్షన్లలో పెద్ద మార్పు చూపించారు. ఇప్పటి ఎమ్‌రామ్‌లన్నిటికీ పునాది ఆ జంక్షనే. 2005లో అశ్విన్ తులాపుర్కర్ జపాన్‌లో ఉండగా ఈ ప్రభావాన్నే తిరగేశారు: మైక్రోవేవ్ పంపితే డీసీ వోల్టేజీ వచ్చింది. తర్వాత ఆయన ఐఐటీ బాంబేకి వచ్చారు.

మెమరీ సగం గట్టెక్కింది, 2012లో ఎవర్‌స్పిన్ 64 మెగాబిట్ల చిప్ ప్రకటించింది. బొంగరం సగం వెనకబడింది: వచ్చే పవరు బాగా తక్కువ, పైగా ఫ్రీక్వెన్సీ కుదురుగా ఉండదు. నా దృష్టిలో ఇక్కడే అసలు మజా. 2017లో ఫ్రాన్సులో జూలీ గ్రోలియే బృందం ఇలాంటి ఒక్క ఆసిలేటర్‌నే న్యూరాన్‌లా వాడి, పలికిన అంకెల్ని గుర్తుపట్టించింది. మరుసటి ఏడు నాలుగింటిని కలిపి ఇంగ్లీషు అచ్చులు ఏడింటిని నేర్పారు. బళ్ళో మనం దిద్దినవి పదహారు. ఎవరైనా మొదలెడితే నాకో ముక్క చెప్పండి, కోడ్ నేను రాస్తా.