రజామందీ వేరు, దస్తఖత్ వేరు

మా కోదాడ బస్టాండులో బస్సెక్కితే ఖమ్మం ఎంతోసేపు పట్టదు. సూర్యాపేట నుంచి కూడా దూరమేం కాదు. ఇంత పక్కన జరిగిన కిస్సా గురించి మా దిక్కు చాలామంది బేఖబర్. అందుకే రాస్తున్న.

2009 జూలై. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో ఆడపిల్లలకు వేయడం మొదలుపెట్టారు. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు, దాదాపు 14,000 మంది. చాలామంది ఆదివాసీ బిడ్డలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. పైసలు గేట్స్ ఫౌండేషన్‌వి, టీకా మెర్క్ కంపెనీ గార్డాసిల్. తోడుగా ఐసీఎంఆర్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది.

కొందరు పిల్లలు చనిపోయారన్న ఖబర్ బయటికొచ్చింది. మహిళా సంఘాలవాళ్లు భద్రాచలం పోయి అమ్మానాయినలతో మాట్లాడారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి లెక్కకొచ్చిన మౌత్‌లు ఏడు. వాటికి టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించదని తహఖీఖాత్ కమిటీ చెప్పింది. సరే, నేను డాక్టర్‌ను కాను, ఆ మాటను కాదనను. టీకా మంచిదే కావచ్చు. నా సవాల్ అది కాదు.

అదే కమిటీ కాగితాలు కూడా తిరగేసింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 మీద దస్తఖత్ పెట్టింది హాస్టల్ వార్డెన్లు! బిడ్డను కన్నది ఒకరు, సూదికి ఒప్పుకున్నది ఇంకొకరు. చదవనురాని తల్లి వేలిముద్ర వేసేటప్పుడు పక్కన ఏ సంబంధం లేని గవాహ్ ఉండి, ఆమెకు అన్నీ తన జబాన్‌లో చెప్పారా లేదా చూడాలి. మన నికాలోనైనా గవాహ్‌లు ఎందుకు కూర్చుంటారు భాయ్? మాట చెవులారా వినడానికే కదా.

ఈ ఖానూన్ కొత్తదేం కాదు. ఖైదీల మీద నాజీ డాక్టర్లు చేసిన ప్రయోగాల ముఖద్దమా తర్వాత 1947లో రాసిన న్యూరెంబర్గ్ కోడ్‌లో మొదటి షరతే ఇది: మనిషి తన ఇష్టంతో, తెలిసి ఒప్పుకోవాలి. మన దేశంలో ఈ ఉసూళ్లు రాసింది ఐసీఎంఆరే, 2000లో, మళ్లీ 2006లో. ఖమ్మంలో భాగస్వామి కూడా తానే. దీన్ని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే నిలదీసింది. ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అని పేరు మార్చినా ఇది మనుషుల మీద చేసిన ప్రయోగమేనంది. పేరులో ఏముందంటారా? ప్రయోగం అని ఒప్పుకుంటే బీమా, నష్టపరిహారం, నిఘా అన్నీ మెడకు పడతాయి మరి.

మిర్యాలగూడ వైపు ఇంకో ముచ్చట. అక్కడ రైలెక్కి విష్ణుపురం దాటి కృష్ణ వంతెన మీదుగా పోతే నడికుడి, ఆ తర్వాత పిడుగురాళ్ల. 2011లో ఆ ఊరి గరీబు ఆడోళ్లను పైసల ఆశ చూపి హైదరాబాద్ తీసుకొచ్చి, ఓ క్యాన్సర్ మందును వాళ్ల మీద పరీక్షించారు. ఊరికి తిరిగొచ్చినంక తబియత్ బాగలేదని చెబితేనే సంగతి బయటపడింది. రజామందీ తీసుకున్న తీరు సరిగ్గా లేదని తేలి, ఆ కంపెనీ చేసే స్టడీలను కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆపించాడు. మజ్బూరీలో ఉన్న మనిషి ముందు నోట్లు పెట్టి ‘నీ ఇష్టం’ అంటే, ఆ ఇష్టం ఎంత ఆజాదుగా ఉంటది?

కొంత మారింది, ఝూట్ ఎందుకు చెప్పాలి. 2013లో సుప్రీంకోర్టు రజామందీని ఆడియో, వీడియో రికార్డు చేయమంది. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఏడేళ్లు దాటిన పిల్లల మాట కూడా అడగాలన్నాయి. కానీ 2015లోనే రూల్స్ మార్చి వీడియోను కుదించారు, 2019లో వచ్చిన కొత్త రూల్స్ కూడా అట్లే ఉంచాయి. పూర్తిగా కొత్త మందును బలహీన స్థితిలో ఉన్నవాళ్ల మీద పరీక్షించేటప్పుడే అది తప్పనిసరి. పాత మందుకు నకలు చేసి, రెండూ ఒంట్లో ఒకేలా పనిచేస్తున్నాయా అని చూసే స్టడీలకు అక్కర్లేదు. పిడుగురాళ్ల ఆడోళ్ల మీద జరిగింది అట్లాంటి స్టడీయే.