ర్యాప్ కవిత్వమేనా?

ర్యాప్ అనగానే మన సాహితీమిత్రులలో చాలామంది నొసలు చిట్లిస్తారు. బూతులు, బంగారు గొలుసులు, తుపాకులు – వారికి తోచేవి ఇవే. చాలాకాలం నాదీ అదే అభిప్రాయం. ఆ ఆరోపణలో నిజం లేకపోలేదు. కానీ చాటువులలోని బూతును చూపి తెలుగు పద్యాన్నంతటినీ త్రోసిపుచ్చలేము కదా!

ముందు కాస్త చరిత్ర. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో 1973 ఆగస్టు 11న జరిగిన ఒక పార్టీని హిప్-హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. జమైకా నుండి వలసవచ్చిన కూల్ హెర్క్ చెల్లెలు సిండీ, బడి తెరిచేనాటికి కొత్తబట్టలు కొనుక్కోవడానికి ఏర్పాటు చేసిన పార్టీ అది. పాటలోని తాళం ఘట్టాన్ని అన్న రెండు రికార్డు ప్లేయర్ల మీద పొడిగిస్తుంటే, దానిపై మాటలు విసరడం మొదలయింది. అంతకు ముందే, 1968లో, హార్లెమ్‌లో ‘ద లాస్ట్ పోయెట్స్’ అనే బృందం డప్పుల మీద కవితలు చదివేది. గిల్ స్కాట్-హెరాన్ కూడా ఆ కోవలోని వాడే. అంటే ఈ కళకు కవిత్వంతో చుట్టరికం మొదటినుండీ ఉన్నదే.

తొలినాళ్ళ ర్యాప్ ఎక్కువగా ఆత్మస్తుతి, పరనింద, వినోదం. 1982లో వచ్చిన ‘ద మెసేజ్’ ఆ దారి మళ్ళించింది. మురికివాడలోని బ్రతుకును కళ్ళకు కట్టిన ఆ పాట పాడటానికి గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందమే మొదట వెనుకాడింది. విందులో బాధలెవరు వింటారని వారి సందేహం. చివరకు డ్యూక్ బూటీ, మెల్లీ మెల్ గొంతులతో అది వెలువడింది. 2002లో అమెరికా జాతీయ ధ్వని భాండాగారానికి ఎంపికచేసిన మొదటి 50 రికార్డులలో అదీ ఒకటి.

ఛందస్సు తెలిసినవారికి ఆసక్తి కలిగించేవాడు రకీమ్. ర్యాప్ పాదానికి నాలుగు దెబ్బల కొలత. అంతవరకూ చాలామంది పాదాంతంలో అంత్యప్రాస వేసి సరిపెట్టుకునేవారు. కుర్రతనంలో సాక్సఫోన్ వాయించిన రకీమ్, 1987 నాటి ‘పెయిడ్ ఇన్ ఫుల్’ ఆల్బమ్‌లో ప్రాసను పాదం నడుమకు తెచ్చాడు. ఒక పాదంలో మొదలైన వాక్యం తరువాతి పాదంలోకి దూకుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాక్యమే నిర్ణయిస్తుంది. మన పద్యంలో పాదం విరిగినా వాక్యం విరగని నడక తెలిసినవారికి ఇది కొత్త కాదు.

ఆ విద్యను కథనానికి వాడుకున్నవాడు నాస్. క్వీన్స్‌బ్రిడ్జ్ ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగి, ఎనిమిదో తరగతి తరువాత బడి మానేసిన ఇతడు 1994లో, ఇరవయ్యేళ్ళ వయసులో, ‘ఇల్‌మ్యాటిక్’ వెలువరించాడు. అందులోని ‘వన్ లవ్’ చెరసాలలో ఉన్న మిత్రులకు వ్రాసిన లేఖ. 1996లో వచ్చిన ‘ఐ గేవ్ యూ పవర్’లో మాట్లాడేది ఒక తుపాకి. తనను పట్టుకున్న చేతులను చూసి విసిగిపోయిన తుపాకి! ‘రివైండ్’ (2001) ఒక హత్యను చివరినుండి మొదటికి చెబుతుంది.

ఇంత జరిగినా ‘ఇది కవిత్వమేనా’ అన్న ప్రశ్న పోలేదు. 2010లో యేల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం పెద్ద ర్యాప్ సంకలనం ప్రచురించింది. అందులో సాహిత్యాన్ని తప్పుగా విని వ్రాసిన చోట్లు చాలా ఉన్నాయని విమర్శ వచ్చింది. చెవికోసం పుట్టినదాన్ని కాగితం మీద పెట్టడం అంత తేలిక కాదు. 2018లో కెండ్రిక్ లమార్ ‘డ్యామ్’ ఆల్బమ్‌కు పులిట్జర్ బహుమతి వచ్చింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు బయట ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అయితే వచ్చింది సంగీత విభాగంలో, కవిత్వంలో కాదు.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకునేవారు ఒక సంగతి గమనించాలి. న్యూజెర్సీలో ఒక హత్యాయత్నం కేసులో నిందితుడు వ్రాసుకున్న ర్యాప్ చరణాలను, 13 పుటలకు పైగా, జ్యూరీ ముందు చదివి వినిపించారు. వాటిలో చాలావరకు ఆ నేరానికి ఎంతో ముందే వ్రాసినవి. శిక్ష పడింది. 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. బాబ్ మార్లే పాటలో షెరీఫ్‌ను కాల్చానన్నాడని, ఎడ్గార్ ఎలన్ పో కథలో శవాన్ని నేలక్రింద దాచానన్నాడని, వారు ఆ పనులు చేశారని ఎవరైనా అనుకుంటారా అని గుర్తుచేసింది. 2022లో కాలిఫోర్నియా ఇటువంటి సాక్ష్యానికి కళ్ళెం వేస్తూ చట్టం చేసింది.

కావ్యంలోని ‘నేను’ కవి కాదని మనం చిన్న తరగతిలోనే నేర్చుకుంటాం. బ్రాంక్స్ కుర్రవాడికి ఆ పాటి మర్యాద దక్కడానికి న్యాయస్థానం చెప్పవలసివచ్చింది. అందుకే ర్యాప్‌ను కవిత్వమని పిలవడం వట్టి మెచ్చుకోలు కాదని నాకనిపిస్తుంది. ఆసక్తి ఉన్నవారు ఆ తుపాకి మాట్లాడే పాటతో మొదలుపెట్టండి. విన్నాక మీకేమనిపించిందో తెలుపగలరు.