కదిలే నేల మీద కదలని యంత్రం

మీరు భిలాయి ఉక్కు నగరంలోని రుఆబాంధాలో కాపురముంటే ఒక సంగతి ఊహించడం కష్టం కాదు. రోలింగు మిల్లులు, క్రేన్లు, బరువైన గూడ్సు రైళ్ళు నేలను సన్నగా కదిలిస్తాయి. మన పాదాలకు తెలియని ఆ కదలిక, మైక్రాన్లలో పనిచేసే గ్రైండింగు యంత్రానికి తెలుస్తుంది. యంత్రాన్ని నేలకు ఇంకా గట్టిగా బిగించాలని మొదట తోస్తుంది. కానీ అలా బిగిస్తే నేల కంపనమంతా యంత్రంలోకి ఎక్కుతుంది.

ఈ చిక్కు పాతదే. భూమి 'ఈథర్'లో ప్రయాణించే వేగాన్ని కాంతితో కొలవాలని 1881లో మైకెల్సన్ బెర్లిన్‌లో ప్రయత్నించాడు. వీధి రాకపోకల వల్ల అర్ధరాత్రి దాటినా వ్యతికరణ పట్టీలు నిలవలేదు. పరికరాన్ని పాట్స్‌డాం వేధశాలకు మార్చాడు. అక్కడా, సుమారు 100 మీటర్ల దూరంలో ఎవరైనా కాలితో నేలను తన్నితే పట్టీలు మాయమయ్యేవి! 1887లో క్లీవ్‌లాండ్‌లో మోర్లీతో కలిసి, ఒకటిన్నర మీటర్ల చదరపు రాతిపలకను కొయ్య తెప్పపై ఉంచి పాదరసంలో తేల్చాడు. పలక ఒడుదుడుకుల్లేకుండా తిరిగింది, కంపనాల బాధా తగ్గింది. ఈథర్ జాడ మాత్రం దొరకలేదు. ఆ 'లేదు'ను లోకం నమ్మిందంటే, అద్దాలకెంత ఘనత ఉందో పాదరసపు తొట్టికీ అంతే ఉందని నేనంటాను.

స్ప్రింగుల విషయంలో లెక్క సులువు. యంత్రం బరువుకు స్ప్రింగు ఎంత కుంగిందో చూడండి. 1 మి.మీ. కుంగితే దాని సహజ పౌనఃపున్యం సెకనుకు సుమారు 16 సార్లు, 25 మి.మీ. అయితే 3, సెకనుకు ఒకసారికి దించాలంటే పావు మీటరు కుంగాలి. నేల కంపనం ఈ సంఖ్యకు 1.41 రెట్లు దాటితేనే తగ్గింపు మొదలవుతుంది. రెండూ సమానమైతే అనునాదం వచ్చి, ఊపు తగ్గకపోగా పెరుగుతుంది. నిమిషానికి 960 చుట్లు తిరిగే మోటారు తూకం తప్పితే నేలను సెకనుకు 16 సార్లు తోస్తుంది. పక్కనే 1 మి.మీ. కుంగిన రబ్బరుపై గ్రైండింగు యంత్రం ఉందనుకోండి. రబ్బరు లేకుంటేనే నయం!

నేలా ఒక స్ప్రింగే. 1955లో భిలాయి కర్మాగారానికి సహకరించడానికి ఒప్పుకున్న సోవియట్ దేశంలోనే, బర్కాన్ అనే ఇంజనీరు పునాదుల గతిశాస్త్రంపై 1948లో రాసిన గ్రంథంలో మట్టి స్థితిస్థాపకతను లెక్కలోకి తెచ్చాడు. సుత్తి యంత్రాల పునాదుల గురించీ అందులో ఉంది. అక్కడ సమస్య తలకిందులు: యంత్రం దెబ్బ నేలలోకి పోకుండా ఆపాలి. సూత్రం మాత్రం అదే.

స్ప్రింగు ఒక్కటే చాలదు. ఊపును మింగే ఏర్పాటూ ఉండాలి. అది మరీ ఎక్కువైతే వేగపు కంపనాలు లోపలికి చొరబడతాయి. 1981 ప్రాంతంలో జూరిచ్‌లో అణువులను చూడబోయిన బిన్నిగ్, రోరర్ తమ సూక్ష్మదర్శినిని మొదట అతివాహక సీసంపై గాలిలో తేల్చారు. తరువాత స్ప్రింగులకు వేలాడదీసి, రాగి పలకలతో, అయస్కాంతాలతో ఊపు అణిచారు. పరికరం చిన్నదిగా, బిగువుగా తయారయ్యాక, లోహపు పలకల మధ్య రబ్బరు ముక్కలు పేర్చి దాని మీద కూర్చోబెడితే సరిపోయింది.