రికార్డుల్లో లేని బీల

మాదన్నపేటలో మేముండే వీధి నుంచి కొంతదూరం వెళితే తలాబ్ కట్ట వస్తుంది. పేరులో తలాబ్ ఉంది, కట్ట ఉంది. కళ్లకి మాత్రం ఇళ్లు, దుకాణాలు, ఆటోలు తప్ప ఏమీ కనిపించవు. పాతబస్తీకి ఈ వైపున ఒకప్పుడు మీర్ జుమ్లా తలాబ్ అనే పెద్ద చెరువు ఉండేది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో చెప్పగలిగినవాళ్లు మా వీధిలో లేరు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకి మాత్రం ఆ సంగతి గుర్తున్నట్టుంది. ఆ నెలలోనే పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ దక్షిణాన కాలనీలకి కాలనీలే మునిగాయి. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. కింది వాటాలో అద్దెకుండే ఆమె ఇద్దరు పిల్లల్నీ, బియ్యం డబ్బానీ, కుట్టుమిషన్ తలనీ పట్టుకుని పైకి మా ఇంటికి వచ్చేసింది. అంతవరకూ మా ఇద్దరి మధ్య నీళ్ల మోటారు గురించి తప్ప మాటల్లేవు.

ఆమెది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లె. భర్త సెంట్రింగ్ పనికి ఇక్కడికొచ్చాడు. కరెంటు లేదు, నిద్ర రాదు, కిటికీలోంచి వీధిలో నీళ్లు చూస్తూ అంది: "ఇదేటమ్మా, నీటి నేల మీద ఇళ్లు కట్టీసి నీరొచ్చిందని ఏడిస్తే ఎలగ? మా బీలని కూడా ఇలగే చేసీద్దురు, మేం పడనివ్వలేదు గానీ."

"బీల అంటే ఏమిటక్కా?" అన్నాను.

"అక్క కాదు, మా వేపు అప్ప అంటాం" అని నవ్వి, చెప్పడం మొదలుపెట్టింది.

తెలుగులో డాక్టరేట్ చేసినదాన్ని. 2010లో సోంపేట కాల్పుల వార్త పేపర్లో చదివినదాన్ని. బీల అన్న మాట కూడా అప్పుడు చదివే ఉంటాను, ఏదో ఊరి పేరనుకుని దాటేసి ఉంటాను. ఆ సిగ్గుతోనే ఈ వ్యాసానికి కావలసిన కాగితాలు వెతకడం మొదలుపెట్టాను.

సోంపేట ఒడిశా సరిహద్దుకి దగ్గర, సముద్రం పక్కన ఉన్న ఊరు. కొబ్బరి, జీడిమామిడి తోటల ఉద్దానం అది. పక్కనే బారువ, ఒకప్పటి రేవు, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం. ఈ తీరం వెంట ఇసుక దిబ్బలు, దిబ్బల వెనక పల్లపు నేల. వాన నీళ్లు, కొండల మీంచి దిగే నీళ్లు సముద్రంలోకి ఒక్కసారిగా పోకుండా అక్కడ నిలుస్తాయి. అదే బీల. పెద్ద బీల, చిన్న బీల అని రెండు చెబుతారు. ఉప్పు సముద్రానికి అంత దగ్గర్లో మంచినీళ్లు నిలిచి ఉండటం చూడనివాళ్లకి నమ్మకం కుదరదు. ఆ నీళ్లతో చుట్టూ పొలాలు పండుతాయి, ఎత్తిపోతల పథకాలు నడుస్తాయి.

అప్ప చెప్పిన బీల ఇంకొకటి. అందులో ఎకరాలు లేవు, నెలలు ఉన్నాయి. నీరు నిండిన నెలల్లో చేప. నీరు తగ్గే నెలల్లో గట్ల మీద ఆకుకూర. ఆ తర్వాత గేదెలకి గడ్డి, చాపలకి తుంగ, ఇంటి కప్పుకి జమ్ము. ఎవరి గట్టు మీంచి దిగాలి, ఎక్కడ ఊబి, ఏ గడ్డి తింటే గేదె పాలు తగ్గిస్తుంది, ఇవన్నీ ఆమె చిన్నప్పుడు తల్లి వెనక తిరిగి నేర్చుకున్నది. బీలని మరీ అందంగా చెప్పడం కూడా నాకిష్టం లేదు. జలగలుంటాయి, పాములుంటాయి, నడుము లోతు నీళ్లలో తుంగ కోసిన ఆడవాళ్లకి రాత్రి కాళ్లు మంట. పొలం ఉన్న ఇంటి ఆడవాళ్లు గట్టు మీద నిలబడతారు, లేని ఇంటివాళ్లు నీళ్లలోకి దిగుతారు. కులాన్ని బీల కడిగెయ్యలేదు. అయినా సెంటు భూమి లేని ఆడమనిషి ఎవర్నీ అడగకుండా వెళ్లి ఏదో ఒకటి తెచ్చుకోగలిగిన చోటు ఆ ప్రాంతంలో అదొక్కటే.

2008లో ప్రభుత్వం ఇక్కడ 970 ఎకరాలకు పైగా భూమిని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించింది. 1,980 మెగావాట్ల బొగ్గు కేంద్రం. కాగితాల్లో ఆ నేలని బీడుగా, సాగుకి పనికిరానిదిగా చూపించారు. ఇక్కడే నా చదువు కాస్త పనికొచ్చింది.

మన రెవెన్యూ భాషలో ఇలాంటి నేలలకి ఉన్న మాటలు చూడండి. బంజరు, బీడు, పోరంబోకు. పోరంబోకు తమిళం నుంచి వచ్చిన మాట. ఊరి ఉమ్మడి అవసరాల కోసం శిస్తు లెక్కకి బయట ఉంచిన నేల అది. వాగు, చెరువు గర్భం, శ్మశానం, పశువులు మేసే చోటు. శిస్తు రాదు కనక సర్కారు దృష్టిలో అది పనికిరాని నేల అయింది. ఆ మాట తర్వాత మనుషుల మీదికి కూడా వచ్చింది, పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి పోరంబోకు అని తిడతాం. జనాభా లెక్కలు తీసేవాళ్లు రోజంతా ఇంటి చాకిరీ చేసే స్త్రీని 'పని చేయనివారి' జాబితాలో రాసుకోవడం మనకి తెలిసిన విషయమే. దాని గురించి మన పత్రికల్లో ఎంతో రాసుకున్నాం. బీలని బీడు అని రాసిన చెయ్యీ, గడ్డికోసుకొచ్చే ఆడమనిషిని 'గృహిణి' అని రాసిన చెయ్యీ ఒకటే లెక్క నేర్చుకున్నాయి. డబ్బు రూపంలో ఖజానాకి చేరనిది ఆ లెక్కలో లేనట్టే.

2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సంక్షిప్త నివేదికని స్థానిక భాషలో ఇవ్వాలి. అసలు నివేదిక మాత్రం వందల పేజీల ఇంగ్లీషు. అందులో మొక్కల పేర్లు లాటిన్‌లో ఉంటాయి. తుంగని కోసి అమ్మి పిల్లల ఫీజు కట్టినామెకి ఆ లాటిన్ పేరు తన తుంగదేనని ఎలా తెలుస్తుంది? తెలిసినా మైకు దగ్గరికి ఆమెని ఎవరు పోనిస్తారు? అభ్యంతరాలు చాలానే వచ్చాయి, అయినా ఆ డిసెంబరులో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చేసింది.

ఊళ్లో పర్యావరణ పరిరక్షణ సంఘం పోరాడింది. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ వంటివాళ్లు ఆ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ముందు సవాలు చేశారు. 1997 చట్టంతో పుట్టిన ఈ అథారిటీకి 2000 నుంచి చైర్మనే లేడు. మిగిలిన సభ్యుడు జె.సి. కాలా, అటవీ శాఖ నుంచి వచ్చిన అధికారి. ఆయన సోంపేట వచ్చి బీలని కళ్లారా చూశాడు. చెప్పుకోవలసిన సంగతి ఇదే అని నాకనిపిస్తుంది. అనుమతి ఇచ్చినవాళ్లు నివేదిక చదివారు, రద్దు చేసినవాడు నీళ్లు చూశాడు.

2010 జులై 14న రెండు జరిగాయి. పోలీసుల బందోబస్తుతో కంపెనీ పనులు మొదలుపెట్టడానికి వచ్చింది, ఊళ్లు అడ్డుపడ్డాయి, కాల్పుల్లో రైతులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో అథారిటీ ఆ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బీల బీడు కాదు, చిత్తడి నేల అని తేలింది. కొన్ని నెలల్లోనే ఆ అథారిటీ కూడా పోయి దాని స్థానంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం భూకేటాయింపుని రద్దు చేసింది.

గెలిచిన కథే. కానీ ఈ గెలుపు చరిత్రలో స్త్రీలు ఎక్కడున్నారని వెతికితే ఫోటోల్లో ఉన్నారు. ధర్నా శిబిరాల్లో ముందు వరసలో, బీల గట్ల మీద గుంపులుగా, ఆసుపత్రి మంచాల పక్కన. కాగితాల్లోకి వచ్చేసరికి 'రైతులు', 'మత్స్యకారులు' ఉంటారు. వ్యాకరణం ప్రకారం ఆ బహువచనంలో స్త్రీలూ ఉన్నారని ఎవరైనా వాదించవచ్చు. పట్టా ఉన్నవాడు రైతు, పడవ ఉన్నవాడు మత్స్యకారుడు అయినచోట ఆ వ్యాకరణం ఎవరికి అన్నం పెడుతుంది? గడ్డి కోసే హక్కుకి పట్టా లేదు కనక పరిహారం లెక్కలో దానికి గడి లేదు. బీల పోయి ఉంటే పొలం ఉన్నవాడికి ఎంతో కొంత దక్కేది. అప్ప తల్లికి ఏమీ దక్కేది కాదు, ఆమె ఏదో పోగొట్టుకుందని కూడా ఎక్కడా నమోదయ్యేది కాదు.

ఆ ప్రాంతపు స్త్రీలకి ఇది కొత్త కాదు. సోంపేటకి దగ్గర్లోనే మందస. 1940 ఏప్రిల్‌లో మందస జమీందారీ అడవిలో కలప కొట్టుకున్నారని రైతుల్ని పట్టుకెళ్లడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వస్తే, అడ్డం నిలబడి తూటాలకి చనిపోయింది సాసుమాను గున్నమ్మ. అప్పటికామె గర్భవతి అని చెప్పుకుంటారు. వీరగున్నమ్మ అని పిలుస్తాం, విగ్రహాలు పెడతాం. ఆ వీరత్వం వెనక ఉన్నది పొయ్యిలోకి కట్టె, ఇంటికి దూలం. వీరనారిగా ఒక్కసారి గుర్తుపెట్టుకోవడం మనకి తేలికే. రోజూ అడవికి, బీలకి వెళ్లొచ్చే మనిషిగా గుర్తుపెట్టుకోవడమే కష్టంగా ఉంది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటని చరిత్రకి ఆధారంగా నిలబెట్టారు. గట్టు తగాదాకీ, గడ్డిమోపుకీ అలాంటి పని ఇంకా మిగిలే ఉంది.

సోంపేటకి దక్షిణంగా సంతబొమ్మాళి మండలంలో కాకరాపల్లి ఉంది. అక్కడి చిత్తడి నేలని బీల అనరు, తంపర అంటారు. అక్కడా థర్మల్ కేంద్రమే. సోంపేట జరిగిన ఏడు నెలలకి, 2011 ఫిబ్రవరి 28న, అక్కడా కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. వడ్డితాండ్ర ఊళ్లో ఇళ్లు కాలిపోయాయి. ఆ తర్వాత చాలాకాలం అక్కడి రిలే నిరాహారదీక్ష శిబిరంలో కూర్చున్నవాళ్లలో స్త్రీలు ఎక్కువ. సోంపేట గెలిచిందని చెప్పుకునేటప్పుడు తంపర గురించి గొంతు తగ్గిస్తాం.

చట్టాలు లేక కాదు. తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ 1991లోనే వచ్చింది. అది ఆటుపోట్ల గీత నుంచి 500 మీటర్లు కొలుస్తుంది. పొద్దున రేవులో చేప కొని మధ్యాహ్నం బీలలో గడ్డి కోసి సాయంత్రం సోంపేటలో అమ్ముకునే మనిషి బతుకుని ఆ టేపు ఎక్కడ తెంపాలి? చిత్తడి నేలల నిబంధనలు 2010 చివర్లో వచ్చాయి, 2017లో మారాయి. మారిన నిబంధనల్లో వరిమళ్లు, సాగునీటి కోసం మనుషులు తవ్విన చెరువులు, ఉప్పుమళ్లు చిత్తడి నేలల కిందికి రావు. అంటే మా మీర్ జుమ్లా తలాబ్ ఇవాళ బతికి ఉన్నా, అది మనుషులు కట్టినదన్న ఒక్క మాటతో బయటికి నెట్టేయవచ్చు.

రక్షణ అన్న మాట కూడా జాగ్రత్తగా వాడాలి. కొల్లేరుని 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. సరస్సు ఆక్రమణలు పోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. 2008లో శాసనసభ ఆ గీతని మూడో కాంటూరుకి దించమని తీర్మానం చేసింది. అయిదా మూడా అని ఏళ్ల తరబడి వాదన. ఆ చెరువుల్లో కూలికి పోయే స్త్రీల పని ఏమవుతుందన్నది ఏ అడుగు కొలతలోనూ లేదు. కొంగకి దారి వదిలినట్టే కూలిమనిషికీ దారి చూపించాలని అడిగితే పర్యావరణవాదులు కొందరు చిరాకు పడతారు. పడనీ.

ఆ అక్టోబరు రాత్రి తర్వాత అప్ప చెప్పిన మాటలు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వస్తున్నాను. గడ్డి పేర్లు, చేపల పేర్లు, ఊబికి ఒక పేరు, నీరు తగ్గుతూ ఒడ్డు బయటపడే రోజులకి ఒక పేరు. ఊరినుంచి వాళ్లమ్మ ఫోన్ చేస్తే నన్ను కూడా పిలిచి ఫోన్ చేతిలో పెడుతుంది. వాళ్లమ్మకి నేనడిగే ప్రశ్నలు వింతగా ఉంటాయి. గడ్డిని గడ్డి అనే అంటారమ్మా అని మొదలుపెట్టి, కాసేపటికి నాలుగు రకాలు చెబుతుంది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లి వస్తూ అప్ప నాకొక తుంగచాప తెచ్చింది. అంచు ముడికి ఒక పేరు చెప్పింది. రాసుకుని, సరిగ్గా రాశానా అని పుస్తకం చేతికిచ్చాను. ఆమె చదువుకోలేదు, పెద్దమ్మాయిని పిలిచింది. మాదన్నపేటలో పెరిగిన పిల్ల. పైకి చదివి వినిపించి, తల్లివైపు తిరిగి అడిగింది: "తుంగ అంటే ఏంది అమ్మా?"

అప్ప చాప అంచు ఎత్తి చూపించింది. కింద నీళ్లు వదిలే టైమైందని ఎవరో కేకేస్తే ఇద్దరూ లేచి వెళ్లారు.