గ్లైడర్ గన్: ఒక ఊహ ఓటమి

గోదావరి డెల్టా ముంగిళ్ళలో మెలికల ముగ్గు గీత బయలుదేరిన చోటికే తిరిగివస్తుంది. సెల్యులార్ ఆటోమేటాలో అలా తిరిగివస్తూనే బయటికి ఏదో ఒకటి పంపే ఆకృతి సాధ్యమా?

మార్టిన్ గార్డ్‌నర్ 1970 అక్టోబరు ‘సైంటిఫిక్ అమెరికన్’లో జాన్ కాన్వే ‘గేమ్ ఆఫ్ లైఫ్’ను పరిచయం చేశాడు. ఇందులో సజీవమైన గడి చుట్టూ రెండో మూడో సజీవ గడులుంటే అది నిలుస్తుంది; ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడుంటే అక్కడ కొత్తది పుడుతుంది. పరిమితమైన గడులతో మొదలయ్యే ఏ ఆకృతీ అపరిమితంగా పెరగదని కాన్వే ఊహ. ఏడాది చివరిలోగా దాన్ని తేల్చినవారికి 50 డాలర్లు ప్రకటించాడు. నవంబరులోనే ఎం.ఐ.టి.లో బిల్ గాస్పర్ బృందం ఆ ఊహను పూర్వపక్షం చేసింది. వారి ‘గన్’ ప్రతి 30 తరాలకు యథారూపం పొందుతూ ఒక గ్లైడర్‌ను వదులుతుంది. ఐదు గడుల ఆ గ్లైడర్ నాలుగు తరాలకొక గడి చొప్పున ఐమూలగా సాగిపోతుంది.

బహుమతి చిన్నది, ఫలితం కాదు. గ్లైడర్ ఉంటే 1, లేకుంటే 0 అనుకుంటే ఆ ప్రవాహమే సంకేతం. కంప్యూటర్ చేయగల ఏ గణననైనా ఈ ఆట చేయగలదనే నిరూపణకు అదే ఆధారమైంది.