రెప్ప మడత మళ్లీ విప్పితే

జపాన్, కొరియా, చైనా దేశాల్లో చాలామందికి పై కనురెప్ప మీద మడత ఉండదు. అక్కడే మరెంతోమందికి అది పుట్టుకతోనే ఉంటుంది. లేనివాళ్లకు ఆ మడత తెప్పించే ఆపరేషన్ మొదలై నూట పాతికేళ్లు దాటింది. దాని చరిత్ర రాసేవాళ్లు ముందు ఎవరు చేశారు, ఏ పద్ధతిలో చేశారు అన్నదే ఎక్కువగా చెబుతారు. వచ్చిన మడత కుదరక మళ్లీ సర్జన్ దగ్గరికి వెళ్లినవాళ్ల సంగతి, చిక్కుల పట్టికలో ఒక మూలన పడి ఉంటుంది. నా మటుకు ఈ విద్యకు అసలు పాఠం చెప్పింది వాళ్లే అనిపిస్తుంది. మొదటిసారి కత్తి ఏం పోగొట్టిందో తెలిసింది రెండోసారి రెప్ప తెరిచినప్పుడే. తీసెయ్యడం తగ్గించి, ఉన్నదాన్ని కాపాడుకోవడం సర్జన్లు అలవరచుకోవడానికి ఆ అనుభవమే ప్రధాన కారణం.

1896లో జపాన్ వైద్యుడు మికామో ప్రకటించిన పద్ధతిలో కోత లేదు. ఆయన వివరించిన రోగి ఒక స్త్రీ. ఆమెకు ఒక కంటికి మడత ఉంది, రెండో కంటికి లేదు. పట్టు దారంతో రెప్పలోకి కుట్లు వేసి, కొన్నాళ్లకు వాటిని తీసేస్తే, కుట్టుపడ్డ చోట లోపలి పొరలు అతుక్కుని మడత నిలబడుతుందన్నది ఆయన లెక్క. ఇలాంటి కుట్టుకు ఉన్న పెద్ద లోపం, అది వదులైపోవడం. మడత మాసిపోతే మనసుకు కష్టమే గానీ, రెప్పలో ఉన్నదంతా అలాగే ఉంటుంది, మళ్లీ కుట్టుకోవచ్చు. 1929లో మారువో కోత పద్ధతిని వివరించాడు. చర్మం కోసి లోపలి పొరకు కుడితే మడత గట్టిగా నిలుస్తుంది. గట్టిగా నిలిచేది తప్పు చోట నిలిస్తే దాన్ని కదపడం కూడా అంతే కష్టమని తర్వాత తేలింది.

అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాల్ఫ్ మిలార్డ్ 1954లో కొరియాలో సైనిక వైద్యుడిగా ఉంటూ, యుద్ధ గాయాలతో పాటు రెప్పల ఆపరేషన్లూ చేశాడు. మరుసటి ఏడాది వాటి గురించి రాశాడు. ఆ పద్ధతిలో చర్మంతో పాటు కంటి చుట్టూ ఉండే కొవ్వును కూడా తీసేవారు. రెప్ప నిండుగా ఉండడమే లోపమన్న ఆలోచన అందులో ఉంది. నిజానికి ఆ కొవ్వుకు పని ఉంది. 1984లో డాక్సనాస్, ఆండర్సన్ ప్రచురించిన శరీర నిర్మాణ అధ్యయనం ప్రకారం, మడత లేని రెప్పలో కొవ్వును ఆపే పొర మరింత కిందికి వచ్చి కలుస్తుంది. అందుకే కొవ్వు కిందికి జారి, రెప్పనెత్తే కండరపు పోగులు చర్మాన్ని అందుకోకుండా అడ్డుపడుతుంది. కొవ్వును అవసరానికి మించి తీసేస్తే ఆ అడ్డు పోయి, చర్మం ఎక్కడపడితే అక్కడ లోపలికి అతుక్కుంటుంది. మడత బాగా పైకి పోవడం, ఒకటికి రెండు మూడు గీతలు పడడం, రెప్ప గుంటపడడం ఇలా వచ్చేవే.

సరిదిద్దడం ఎంత కష్టమో పైకి పోయిన మడతను చూస్తే తెలుస్తుంది. మచ్చ మెత్తబడే దాకా, సాధారణంగా ఆరు నెలలైనా, ఆగమంటారు. ఆ తర్వాత పాత మచ్చ దగ్గర చర్మం తెరిచి, అతుకులను పొర తర్వాత పొరగా విడదీసి, పైన మిగిలిన కొవ్వును కిందికి దించి మధ్యలో పరుస్తారు. పాత గీత మళ్లీ అతుక్కోకుండా ఆపేది ఆ పలుచని కొవ్వే. కొత్త మడతను దానికి కింద కుడతారు. మొదటిసారే కొవ్వంతా తీసేసి ఉంటే, ఒంట్లో ఇంకో చోటు నుంచి తెచ్చి పెట్టాలి. చర్మమే చాలకపోతే కిందికి దించడానికి ఏమీ మిగలదు; కన్ను పూర్తిగా మూసుకోకపోయే ప్రమాదమూ ఉంటుంది. అమెరికాలో పనిచేసిన విలియం చెన్ 2007లో ప్రచురించిన, కోతను ఏటవాలుగా పెట్టే విధానం ఇలాంటి రెండోసారి ఆపరేషన్ల కోసమే.

ఇవన్నీ చేయి తిరగని సర్జన్ల పొరపాట్లే, సిద్ధాంతంతో పనేమిటని అనవచ్చు. కుట్టు వదులవడం, రెండు కళ్లకూ తేడా రావడం మంచి చేతుల్లోనూ జరుగుతాయి. కానీ గుంటపడిన రెప్ప అలాంటిది కాదు. అనుకున్నట్టే కొవ్వు తీశారు, ఫలితమూ అనుకున్నట్టే వచ్చింది. తప్పు అనుకోవడంలోనే ఉంది. కొవ్వు తీయడం తగ్గిన ఈ మార్పును శవాల మీద చేసిన అధ్యయనాలే తెచ్చాయనడం ఇంకో వాదన. కొవ్వు ఎక్కడుందో ఆ అధ్యయనాలు చెప్పాయన్నది నిజమే. అది లేకపోతే బతికున్న ముఖం ఎలా మారుతుందో మాత్రం తిరిగొచ్చిన రోగి దగ్గరే తెలిసింది. ఇక ఇదంతా తెల్లవాళ్ల కళ్ల కోసం పడే ఆరాటమన్న విమర్శను తేలిగ్గా కొట్టెయ్యలేం. 1950ల రాతల్లో ఆ చూపు దాచుకోకుండానే కనిపిస్తుంది. అయితే మికామో రోగికి నమూనా ఆమె సొంత రెండో కన్నే. నేడు సరిదిద్దించుకునేవాళ్లలో మడత కిందికి దించమని అడిగేవాళ్లు కోరేది కూడా తమ చుట్టూ ఉన్న ముఖాల్లో సహజంగా కనిపించే మడతనే. కొరియాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. కన్ను పెద్దగా కనిపించాలని ఒకప్పుడు కోసి తెరిచిన ముక్కువైపు చర్మపు మడతను తిరిగి కట్టే ఆపరేషన్లు కూడా ఇప్పుడు అక్కడి సర్జన్లు చేస్తున్నారు.